గుర్రంతో థెరపీ: మా బాబుకు మొదలుపెట్టమంటున్నారు, మీ అనుభవాలు చెప్పండి

చిన్నోడి అమ్మ

అందరికీ నమస్కారం. మా బాబుకు ఆరేళ్లు. సెరిబ్రల్ పాల్సీ (చిన్నప్పుడే మెదడు దెబ్బతిని కండరాల అదుపు తప్పడం), రెండు కాళ్లలోనూ బిగువు ఎక్కువ. వాకర్ పట్టుకుని పది అడుగులు వేస్తాడు గానీ మడమ నేలకు ఆనదు, మునివేళ్ల మీదే నడక. కింద కూర్చోబెడితే నడుము నిలవక ముందుకు ఒరిగిపోతాడు. మూడేళ్లుగా ఫిజియోథెరపీ ఒక్క వారం కూడా మానలేదు. ఈమధ్య వాడికి విసుగొచ్చేసింది. ఆ గది గుమ్మం కనబడితే చాలు, ఏడుపు అందుకుంటున్నాడు.

పోయిన వారం మా థెరపిస్టు హిప్పోథెరపీ సంగతి చెప్పారు. గుర్రం మీద కూర్చోబెట్టి చేయిస్తారట. విన్నప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. కూర్చోవడమే సరిగా రాని పిల్లాణ్ణి అంత ఎత్తున ఎలా కూర్చోబెడతారు? అసలు ఇది వైద్యమేనా, లేక సరదాగా తిప్పడానికి ఓ పెద్ద పేరు పెట్టారా? చేయించినవాళ్లు ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి. ఇబ్బందులు కూడా దాచకండి.

కీళ్లూ కండరాలూ

అమ్మా, నేను ఫిజియోథెరపిస్టుని. పదకొండేళ్లుగా పిల్లలతోనే పని, అందులో చివరి ఐదేళ్లు గుర్రాల దగ్గర. మీ రెండో ప్రశ్నతో మొదలుపెడతాను.

హిప్పోస్ అంటే గ్రీకు భాషలో గుర్రం. (హిప్పోపొటమస్‌ని మనం నీటిగుర్రం అంటాం కదా, అదే మాట.) హిప్పోథెరపీలో స్వారీ నేర్పరు. పగ్గాలు పిల్లల చేతికి ఇవ్వరు. ఫిజియోథెరపిస్టు గానీ, ఆక్యుపేషనల్ థెరపిస్టు గానీ, స్పీచ్ థెరపిస్టు గానీ గుర్రం నడకను తమ వైద్యంలో ఒక పనిముట్టుగా వాడుకుంటారు. గుర్రం ఎంత వేగంగా నడవాలి, ఎక్కడ ఆగాలి, ఎటు మలుపు తిరగాలి అన్నది థెరపిస్టే చెబుతారు.

నడకలో అంత ఏముందంటారా? మనం నడిచేటప్పుడు మన కటి ఎముక ఒకేసారి మూడు రకాలుగా కదులుతుంది. ముందుకూ వెనక్కూ వంగుతుంది, ఈ పక్క లేచి ఆ పక్క దిగుతుంది, అటూ ఇటూ కొద్దిగా తిరుగుతుంది. నడిచే గుర్రం మీద కూర్చున్నవాళ్ల కటి కూడా దాదాపు ఇదే తీరున కదులుతుంది, నిమిషానికి సుమారు 100 సార్లు. అరగంటలో అది 3,000 అవుతుంది. ఏ గదిలోనైనా, ఎన్ని బంతులూ బొమ్మలూ పెట్టినా, ఒక పిల్లాడి చేత అన్నిసార్లు ఆ కదలిక నేను చేయించలేను. ఎన్నడూ సరిగా నడవని బిడ్డ నడుముకు నడక ఎలా ఉంటుందో అక్కడ తెలుస్తుంది. ప్రతి అడుగుకీ ఒళ్లు సర్దుకోక తప్పదు కాబట్టి పొట్ట కండరాలూ వీపు కండరాలూ వాటంతట అవే పనిచేస్తాయి. "నిటారుగా కూర్చో నాన్నా" అని వందసార్లు చెప్పే అవసరం ఉండదు.

గుర్రం ఒంటి వేడి 38 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది, మన కంటే ఓ డిగ్రీ ఎక్కువ. హిప్పోథెరపీలో చాలాసార్లు జీను బదులు మెత్తటి పరుపులాంటిది పరిచి, పట్టుకోవడానికి పిడులున్న పట్టీ బిగిస్తాం. ఆ వేడి నేరుగా తొడలకు తగులుతుంది. అటూ ఇటూ కాళ్లు వేసి కూర్చోవడంతో లోపలి తొడ కండరాలు మెల్లగా సాగుతాయి. మీవాడికి బిగువు అక్కడే కదా.

ఇక ఎత్తు సంగతి. గుర్రాన్ని ఒకరు నడిపిస్తారు. రెండు పక్కలా ఇద్దరు నడుస్తూ పిల్లాడి తొడ మీద, నడుం మీద చెయ్యి వేసి ఉంచుతారు. మొదట్లో థెరపిస్టు కూడా పక్కనే. ఎక్కించడానికి నేల మీంచి ఎత్తరు, ర్యాంప్ ఉంటుంది. హెల్మెట్ లేకుండా ఎక్కించారంటే మాత్రం మీరు వెంటనే వెనక్కి వచ్చేయండి.

ప్రశ్న గుర్తు

అడగక తప్పదు కనుక అడుగుతున్నాను, ఎవరూ నొచ్చుకోకండి. మా అక్క కొడుక్కి కూడా ఇదే సమస్య. ఇలాంటి "అద్భుతాల" వెంట తిరిగి మావాళ్లు డబ్బూ కాలమూ పోగొట్టుకున్నారు. పిల్లలకు జంతువులంటే ఇష్టం కాబట్టి ఉత్సాహంగా చేస్తారు, అంతవరకు సరే. గుర్రం వల్లే మేలు జరిగిందని ఎలా తెలుస్తుంది? కదలికే ముఖ్యమైతే అలా కదిలే యంత్రం చాలదా?

కీళ్లూ కండరాలూ

@ప్రశ్న గుర్తు గారు, నొచ్చుకోవడానికి ఏమీ లేదు, తల్లిదండ్రులందరూ అడగాల్సిన ప్రశ్న ఇది.

2003లో అమెరికాలో ఒక చిన్న పరిశోధన జరిగింది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న 15 మంది పిల్లల్లో కొందరిని 8 నిమిషాలు నడిచే గుర్రం మీద, కొందరిని అంతే సేపు కదలని పీపా మీద కూర్చోబెట్టారు. ముందూ తర్వాతా కండరాల పనితీరు కొలిచి చూశారు. కుడివైపు కండరాలకూ ఎడమవైపు కండరాలకూ మధ్య ఉన్న తేడా గుర్రం ఎక్కినవాళ్లలో బాగా తగ్గింది. పీపా మీద కూర్చున్నవాళ్లలో అలా జరగలేదు. అంటే కాళ్లు ఎడంగా పెట్టి కూర్చోవడం ఒక్కటే కారణం కాదు, కదలికలో విషయం ఉంది.

యంత్రాలు ఉన్నాయి, వాటితోనూ పరిశోధనలు జరిగాయి. గుర్రం దొరకని చోట, గుర్రమంటే అలర్జీ ఉన్నవాళ్లకు పనికొస్తాయి. వేడి, ఊపిరి, ఎదురుగా ప్రాణమున్న జీవి ఉందన్న ఎరుక, ఇవి యంత్రంలో రావు.

ఒప్పుకోవాల్సింది కూడా చెబుతాను. ఈ రంగంలో చాలా పరిశోధనలు కొద్దిమందితో, కొద్ది వారాలు చేసినవే. కూర్చునే పట్టు, బ్యాలెన్స్ మెరుగుపడతాయని నమ్మకంగా చెప్పగలను. జబ్బు నయమవుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. మామూలు ఫిజియోథెరపీ మానేసి ఇది చేయించమని ఏ మంచి థెరపిస్టూ చెప్పరు.

నీలి గొడుగు

మా పాపకు ఆటిజం, తొమ్మిదేళ్లు. మాది హిప్పోథెరపీ కాదు, థెరప్యూటిక్ రైడింగ్. ఇందులో పిల్లలకు స్వారీయే నేర్పుతారు, కాకపోతే వాళ్లకు తగ్గట్టు మార్చి. నేర్పేది శిక్షణ పొందిన ఇన్‌స్ట్రక్టర్.

మొదటి నాలుగు వారాలు పాప గుర్రం ఎక్కనే లేదు. గేటు దగ్గర నిలబడి చూసేది. ఎవరూ బలవంతపెట్టలేదు. ఐదో వారం వెళ్లి దాని భుజం మీద చెయ్యి పెట్టింది. అలా చెయ్యి పెట్టి, పావుగంట కదలకుండా ఉండిపోయింది. ఇంట్లో రెండు నిమిషాలు ఒక చోట నిలబడని పిల్ల.

ఇప్పుడు ఆరు నెలలయింది. "నడు", "ఆగు" అని తనే చెబుతుంది. చెప్పగానే గుర్రం నడుస్తుంది, ఆగమంటే ఆగుతుంది. తన మాటకు అంత పెద్ద ప్రాణి కదులుతోందన్న సంగతి మా పాప మీద ఎంత పనిచేసిందో మాటల్లో చెప్పలేను. అదివరకు ఏదైనా కావాలంటే నా చెయ్యి పట్టుకుని లాగేది. ఇప్పుడు అడుగుతోంది.

ప్రశ్న గుర్తు గారి సందేహానికి పనికొస్తుందని చెబుతున్నాను. 2015లో అమెరికాలో 6 నుంచి 16 ఏళ్ల ఆటిజం పిల్లలతో 10 వారాల పరిశోధన ఒకటి వచ్చింది. సగం మందికి స్వారీ. మిగతా సగం మందికి అదే లాయంలో గుర్రాల గురించిన పాఠాలే, గుర్రాన్ని తాకనివ్వలేదు. స్వారీ చేసిన పిల్లల్లో చిరాకు, అతిచురుకుదనం తగ్గాయి, వాళ్లు వాడే మాటల సంఖ్య పెరిగింది.

లాయం దగ్గర

నేను వైద్యుణ్ణి కాదు. ఇరవై ఏళ్లుగా గుర్రాలను చూసుకుంటున్నాను, ఏడేళ్లుగా థెరపీ గుర్రాలను. గుర్రం వైపు నుంచి కూడా ఎవరో ఒకరు మాట్లాడాలని రాస్తున్నాను.

గుర్రం వేటాడే జంతువు కాదు, వేటకు గురయ్యే జంతువు. దాని బతుకంతా చుట్టూ ఉన్నవాళ్ల ఒంటి తీరు కనిపెట్టి ఉండడంలోనే ఉంది. కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి దాదాపు చుట్టూ ఉన్నదంతా కనబడుతుంది. సరిగ్గా ముక్కు ముందూ, తోక వెనకా మాత్రం కనబడదు. అందుకే భుజం వైపు నుంచి, పిలుస్తూ, మెల్లగా దగ్గరికి వెళ్లాలి. పిల్లలకు నేను నేర్పే మొదటి పాఠం ఇదే. అడగకుండా వెనక నుంచి వచ్చి ముట్టుకుంటే నీకెలా ఉంటుందిరా అంటాను, టక్కున అర్థమవుతుంది.

చెవులు చూడండి. రెండూ వదులుగా పక్కలకు వాలి ఉంటే హాయిగా ఉంది. వెనక్కి అతుక్కుపోతే "చాలు" అంటోంది. తోక విసురుగా కొట్టడం, పళ్లు నూరడం కూడా అలాంటివే. పిల్లాడు ఎంత ఆనందంగా ఉన్నా సరే, అప్పుడు నేను సెషన్ ఆపించేస్తాను. దీని మీద తల్లిదండ్రులతో మాటలు పడ్డ రోజులూ ఉన్నాయి.

బరువు లెక్క కూడా అడగండి. మనిషి, జీను కలిపి గుర్రం బరువులో 20 శాతం దాటకూడదన్నది చాలామంది పాటించే లెక్క. 400 కిలోల గుర్రమైతే 80 కిలోలు. పెద్దవాళ్లకు అన్నిచోట్లా ఇది కుదరదు. వాళ్లకు కింద నుంచి చేసే పనులున్నాయి, అవీ తక్కువేం కావు.

పాత సిపాయి

లాయం దగ్గర గారు చివర అన్న మాట పట్టుకుని రాస్తున్నాను. నేను గుర్రం ఎక్కనే లేదు. సైన్యం నుంచి వచ్చాక నాలుగేళ్లు సరిగా నిద్ర లేదు. చిన్న చప్పుడుకి ఉలిక్కిపడేవాణ్ణి. ఇంట్లోవాళ్లు నాతో మాట్లాడాలంటే భయపడే స్థితికి వచ్చాను. కౌన్సెలింగ్‌కి వెళితే కుర్చీలో కూర్చుని గోడ వైపు చూసేవాణ్ణి, నోరు పెగిలేది కాదు.

గుర్రాల దగ్గర మొదటి రోజు నాకిచ్చిన పని ఒక్కటే. గుండ్రటి ఆవరణలో గుర్రాన్ని తాడు లేకుండా నా వెంట నడిచేలా చేయడం. నేను చేతులు ఊపాను, గట్టిగా పిలిచాను. అది ఆ మూల నుంచి కదల్లేదు. అరగంట తర్వాత అలసిపోయి నిలబడిపోయాను. భుజాలు దిగాయి, ఊపిరి దీర్ఘంగా వచ్చింది. వెనక అడుగుల చప్పుడు. తిరిగి చూడలేదు. నా మోచేతికి వెచ్చటి ఊపిరి తగిలింది. చాలా ఏళ్ల తర్వాత, వెనక నుంచి ఎవరో వస్తే నేను ఉలిక్కిపడలేదు.

పక్కనే ఉన్న కౌన్సెలర్ అప్పుడు అడిగారు, "ఇప్పుడు ఒంట్లో ఏం మారింది?" అని. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉంది. అక్కణ్ణుంచే మాట్లాడటం మొదలైంది.

కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు యుద్ధ గాయాలు మనసులో మోస్తున్న 63 మంది మాజీ సైనికులతో 8 వారాలు ఇలాంటిదే చేసి 2021లో ఫలితాలు ప్రచురించారు. సగానికి పైగా మందిలో లక్షణాలు బాగా తగ్గాయి. పోల్చి చూడటానికి వేరే గుంపు పెట్టలేదు కాబట్టి అదే తుది మాట అనను. నా మట్టుకు నాకు నిద్ర వస్తోంది.

వేకువ

సిపాయి గారూ, చదువుతుంటే గొంతు పట్టేసింది. మీ భుజాలు దిగిన సంగతి గుర్రానికి తెలియడం నిజమే అయ్యుంటుంది. 1904 ప్రాంతంలో బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తుందని పెద్ద పేరు. జవాబు ఎంతో అన్నిసార్లు గిట్ట నేలకు తట్టేది. ఆస్కర్ ఫుంగ్‌స్ట్ అనే పరిశోధకుడు 1907లో అసలు సంగతి పట్టుకున్నాడు. దానికి లెక్కలు రావు. సరైన అంకె రాగానే ఎదుటి మనిషి తల రవ్వంత కదిలేది, ఒంటి బిగువు సడలేది. అడిగినవాళ్లకే తెలియని ఆ కదలికను గుర్రం చూసి ఆగేది. దానికి లెక్కలు రావని తేలాక కొట్టిపారేశారు గానీ, నాకైతే లెక్కలు చేయడం కంటే ఇదే గొప్పగా అనిపిస్తుంది.

2016లో ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్లు గుర్రాలకు కోపంగా ఉన్న ముఖాల ఫోటోలూ నవ్వు ముఖాల ఫోటోలూ చూపించారు. కోపపు ముఖం చూసినప్పుడు వాటి గుండె వేగం త్వరగా పెరిగింది. నలుడికి అశ్వహృదయం తెలుసంటారు. మన హృదయం అశ్వానికి తెలుసన్నది కూడా అంతే నిజం.

రెండో అడుగు

నాకు మల్టిపుల్ స్క్లెరోసిస్, మెదడునూ వెన్నుపామునూ దెబ్బతీసే జబ్బు. పెద్దవాళ్లకు పనికిరాదేమో అనుకునేవాళ్ల కోసం రాస్తున్నాను. జర్మనీలో నాలాంటి 70 మందితో 12 వారాలు పరిశోధన చేశారు, హిప్పోథెరపీ తీసుకున్నవాళ్లలో బ్యాలెన్స్ మెరుగై, నీరసం తగ్గింది. నా అనుభవం కూడా అదే. సెషన్ అయిన రోజు, మర్నాడు నడక తేలిగ్గా ఉంటుంది. మూడో రోజుకి మళ్లీ మామూలే. వారానికోసారి వెళుతూనే ఉండాలి.

ధైర్యం తగ్గినప్పుడు నేను లిస్ హార్టెల్‌ని తలుచుకుంటాను. డెన్మార్క్ ఆవిడ. 1944లో, కడుపుతో ఉండగా పోలియో వచ్చింది. మోకాళ్ల కింద కాళ్లు చచ్చుబడిపోయాయి. గుర్రం ఎక్కాలన్నా దిగాలన్నా ఎవరో ఒకరు పట్టుకోవాల్సిందే. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో గుర్రపు స్వారీ విభాగం డ్రెసాజ్‌లో మగవాళ్లతో పోటీపడి వెండి పతకం గెలిచింది. 1956లో మళ్లీ వెండి. ఆ తర్వాతే యూరప్‌లో వికలాంగుల స్వారీ మీద వైద్యుల దృష్టి పడింది.

కొమ్మ మీద పిట్ట

మేం దెబ్బతిన్నాం, అది కూడా చెప్పాలి. థెరపీ అని బోర్డు పెట్టిన చోటికి మా తమ్ముణ్ణి తీసుకెళ్లాం. వాడికి డౌన్ సిండ్రోమ్, పుట్టుకతో వచ్చే జన్యు సమస్య. వైద్యుడి కాగితం అడగలేదు, అసలు ఏ ప్రశ్నా అడగలేదు. పక్కన ఒక్క కుర్రాడు, అతని చేతిలో ఫోను. గుర్రం దేనికో బెదిరి పక్కకు జరిగితే తమ్ముడు జారాడు. దెబ్బ చిన్నదే గానీ, ఇప్పుడు గుర్రం బొమ్మ చూసినా వణుకుతాడు. తర్వాత వైద్యుడు చెప్పారు, డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకు ముందు మెడ పరీక్ష చేయించాలని. ఆ ముక్క ఎవరూ చెప్పలేదు మాకు.

కీళ్లూ కండరాలూ

@కొమ్మ మీద పిట్ట, చాలా బాధగా ఉంది అమ్మా. మీ వైద్యుడు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. డౌన్ సిండ్రోమ్‌లో కొందరికి మెడలోని మొదటి రెండు వెన్నుపూసల మధ్య పట్టు వదులుగా ఉంటుంది. అలా ఉంటే గుర్రం ఎక్కించకూడదు. అదుపులో లేని మూర్ఛ, తుంటి కీలు తొలగి ఉండటం, వెన్ను బాగా వంకర తిరగడం, ఎముకలు గుల్లబారడం, ఇవి ఉన్నవాళ్లకు కూడా వైద్యుడు చూసి సరేనంటేనే. చిన్నోడి అమ్మ గారూ, సెరిబ్రల్ పాల్సీ పిల్లల్లో తుంటి సమస్య తరచుగా చూస్తాం. మీరు తుంటి ఎక్స్‌రే తీయించకుండా వెళ్లొద్దు. ధనుర్వాతం టీకా కూడా సరిచూసుకోండి, లాయాల మట్టిలో ఆ క్రిములు ఉంటాయి.

వెళ్లగానే మీరు అడగడం కాదు, వాళ్లు మిమ్మల్ని ఎన్ని ప్రశ్నలు అడుగుతున్నారో చూడండి. మంచి చోట మొదటి రోజు గుర్రమే ఎక్కించరు.

చిన్నోడి అమ్మ

(ఏడు వారాల తర్వాత)

అందరికీ చెప్పాలని వచ్చాను. ఎక్స్‌రే తీయించాం, తుంటి బాగానే ఉంది. మొదటి రోజు నిజంగానే ఎక్కించలేదు. గంటసేపు ప్రశ్నలే. రెండో వారం గుర్రాన్ని చూపించారు. గోధుమరంగు, ముసలిది, కళ్ల చుట్టూ తెల్ల వెంట్రుకలు. వాడు నా కొంగు వదల్లేదు.

మూడో వారం ఎక్కించారు. నాలుగు అడుగులు వేసేసరికి ఏడ్చాడు, దింపేశారు. ఇంటికొచ్చి నేనూ ఏడ్చాను. వాడు నిద్రపోతూ "గుర్రం బువ్వ తిందా?" అని అడిగాడు. అందుకే మళ్లీ వెళ్లాం.

నిన్న ఆరో సెషన్. ఆవరణ అంచున నిలబడి వాడి కాళ్లే చూస్తున్నాను. ఎక్కినప్పుడు రెండు పాదాలూ ఎప్పటిలాగే కత్తెరలా బిగుసుకుని, వేళ్లు కిందికి పొడుచుకుని ఉన్నాయి. మూడో చుట్టుకి మోకాళ్లు వదులయ్యాయి. ఐదో చుట్టుకి కుడి మడమ మెల్లగా దిగింది. ఎడమది అంత దిగలేదు గానీ అదీ కదిలింది. వీపు నిటారుగా ఉంది. ఎవరూ చెప్పలేదు వాడికి. పక్కన నడిచే అమ్మాయి వాడి నడుం మీంచి చెయ్యి తీసి, రెండు వేళ్ల దూరంలో గాలిలో ఉంచి నడిచింది. ఒక చుట్టంతా అలాగే.

దింపాక ఇరవై నిమిషాలు కాళ్లు వదులుగానే ఉన్నాయి. తర్వాత మళ్లీ బిగుసుకున్నాయి. మళ్లీ మామూలవుతుందని రెండో అడుగు గారు ముందే చెప్పారు కాబట్టి బెంగపడలేదు. ఫిజియో గదికి కూడా వెళుతున్నాడు, "గుర్రం కోసం కాళ్లు గట్టిపడాలి" అంటే ఏడుపు లేకుండా చేయించుకుంటున్నాడు.

లాయం దగ్గర గారికి ఒక ప్రశ్న. సెషన్ అయ్యాక గుర్రాన్ని తోమే పని పిల్లల చేత చేయిస్తున్నారు. మావాడి ఎడమ చెయ్యి సరిగా తెరుచుకోదు, గొరపం జారిపోతోంది. కుడిచేత్తో చేస్తానంటే థెరపిస్టు ఎడమచేత్తోనే అంటున్నారు. ఏం చేయొచ్చు?

లాయం దగ్గర

వెనక పట్టీ ఉన్న రబ్బరు గొరపం అడగండి అమ్మా. పట్టీలోకి చెయ్యి దూర్చేస్తే వేళ్లతో పట్టుకోనక్కర్లేదు. అది లేకపోతే చేతికి తొడుక్కునే తోముడు తొడుగులు ఉంటాయి. మెడ పక్క నుంచి మొదలుపెట్టించండి, మెడ నుంచి భుజం దాకా గుండ్రంగా తిప్పమనండి. కండ ఎక్కువున్న చోట గుర్రాలకు ఇది ఇష్టం, కడుపు కింద మాత్రం వద్దు. సరైన చోట తగిలితే పై పెదవి ముందుకు సాచి వణికిస్తుంది. అది కనబడేదాకా తోమమని చెప్పండి వాడికి.